పదో గంట ఎవరి ఇంటి నుంచి వస్తోంది? – ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రివర్యులకు, కార్మిక శాఖ కమిషనర్ గారికి, కర్మాగారాల శాఖ డైరెక్టర్ గారికి,

కర్మాగారాల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని, విరామం ఇవ్వకుండా వరుసగా చేయించగల పనిని 5 గంటల నుంచి 6 గంటలకు జరపాలని, మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న ఓవర్‌టైంను 144 గంటల దాకా అనుమతించాలని, వీటితోపాటే మహిళలను రాత్రి షిఫ్టులోకి తీసుకోవచ్చని 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పెట్టుబడులను ఆకర్షించే సంస్కరణగా, మహిళా సాధికారతకు తోడ్పడే చర్యగా ప్రభుత్వం దానిని ప్రజలకు పరిచయం చేసింది. ఈ రెండో మాటను అంగీకరించడం సాధ్యం కాదని చెప్పడానికే ఈ లేఖ. స్త్రీలు రాత్రివేళ పనిచేయకూడదని ఇందులో ఎవరూ వాదించడం లేదు. స్త్రీ ఏ వేళలో ఎక్కడ ఉండాలో ఇతరులు నిర్ణయించడం కూడా పితృస్వామ్యమే కనుక, 1948 నాటి కర్మాగారాల చట్టం 66వ సెక్షన్‌లోని నిషేధం పోతే పోనివ్వండి. అయితే పనివేళలను సాగదీసిన ప్రభుత్వం ఆ వేళల్లో స్త్రీ ఎలాంటి వాతావరణంలో పనిచేస్తోందో, ఆ వాతావరణం ఆమె మనసును ఏం చేస్తోందో మీ శాఖను అడిగిందా? అడిగితే మీరు ఏమని జవాబిచ్చారు?

పితృస్వామ్యం అనగానే చేయి చేసుకునే భర్తో, అసభ్యంగా మాట్లాడే అధికారో గుర్తుకు రావడం సహజం. పని ప్రదేశంలో అది అంతకంటే నిశ్శబ్దంగా, గడియారం రూపంలో, కుర్చీ లేకపోవడం రూపంలో, పిలుపు రూపంలో కూడా ఉంటుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జోన్ ఆకర్ 1990లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, సంస్థలు ఉద్యోగాన్ని రూపొందించేటప్పుడు శరీరం లేని, ఇంటి బాధ్యత లేని ఒక ఊహాత్మక కార్మికుడిని ముందు పెట్టుకుంటాయని, ఆచరణలో ఆ కొలతకు సరిపోయేది ఇంట్లో భార్య వండిపెట్టే పురుషుడేనని వివరించారు. ఆ కార్మికుడికి నెలసరి రాదు, గర్భం రాదు, బడి నుంచి వచ్చే పిల్లవాడికి అన్నం పెట్టే పని ఉండదు. రాష్ట్ర మంత్రివర్గం 9ని 10గా మార్చినప్పుడు అధికారుల మనసులో ఉన్న కార్మికుడు అతనే కాకపోతే, ఆ పదో గంట ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఎవరికైనా తట్టి ఉండేది.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. వంట, అంట్లు, బట్టలు, ఊడ్చడం వంటివే ఇందులోకి వస్తాయి. పిల్లలను, ముసలివారిని చూసుకునే సమయాన్ని సర్వే వేరుగా లెక్కించింది. ఉద్యోగం ఉన్నవారిని, లేనివారిని కలిపి తీసిన సగటు ఇది కాబట్టి ప్రతి మహిళా కార్మికురాలికీ ఇదే అంకె వర్తిస్తుందని అనలేము గాని, ఉద్యోగం వచ్చిందని స్త్రీ పొయ్యి వేరొకరు వెలిగించడం లేదన్నది ఏ వీధిలోనైనా కనిపించే సత్యం. ఉదయం 6 గంటలకు కంపెనీ బస్సు ఎక్కాల్సిన స్త్రీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి నీళ్లు పట్టి, వండి, మూడు క్యారేజీలు సర్ది, నాలుగోది తనకు కట్టుకుంటే కట్టుకుని, లేకపోతే మానేసి పరుగెడుతుంది. ఫ్యాక్టరీలో 10 గంటలు, భోజన విరామం, రానూపోనూ ప్రయాణం, ఇంటిపనికి ఇంచుమించు 5 గంటలు కలిపి చూస్తే, తగ్గించడానికి వీలున్నది నిద్ర ఒక్కటే. పదో గంట వచ్చేది ఆ నిద్రలో నుంచే.

వారానికి 48 గంటల పరిమితి మారలేదు కదా అన్నది ప్రభుత్వం వైపు నుంచి వచ్చే సమాధానం. ఇంటికి వచ్చాక విశ్రాంతి తీసుకోగలిగేవాడికి రోజుకో గంట ఎక్కువ చేసి వారంలో ఒక పూట మిగుల్చుకోవడం లాభసాటి కావచ్చు. స్త్రీకి మాత్రం ప్రతి సాయంత్రమూ వేరే షిఫ్టు మొదలవుతుంది కనుక, మంగళవారం కోల్పోయిన గంటను శనివారం తిరిగి ఇచ్చినా ఆ గంటలో ఆకలితో ఎదురుచూసిన బిడ్డ మంగళవారంలోనే ఉండిపోతాడు. పైగా ఓవర్‌టైం పరిమితి సంగతి చూడండి. 144 గంటలను 13 వారాలకు పంచితే వారానికి 11 గంటలు దాటుతుంది, అంటే 48 గంటల హామీ వెనుకనే 59 గంటల వారానికి దారి తెరిచారు. ఓవర్‌టైంకు రెట్టింపు వేతనం చట్టంలో ఉంది, నిజమే. కాంట్రాక్టరు చేతి కింద, పీస్ రేటు మీద, అంటే కిలోకింత అని కూలి తీసుకునే స్త్రీకి ఆ రెట్టింపు ఎలా లెక్కగట్టి ఇస్తున్నారో మీ ఇన్‌స్పెక్టర్లు ఎన్ని చోట్ల జీతాల రిజిస్టరు తెరిచి చూశారు?

విరామం లేని 6 గంటలు అంటే ఏమిటో కాగితం మీద అర్థం కాదు. భీమవరం, కాకినాడ, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లో తల తీసే, పొట్టు ఒలిచే బల్లల దగ్గర ఉండేవారిలో అత్యధికులు స్త్రీలే. గమ్ బూట్లు, ఏప్రాన్, చేతి తొడుగులు, తలకు టోపీ, ముఖానికి మాస్కు. బయటికి కనిపించేవి కళ్లు మాత్రమే. చెరువులో పట్టుబడి ముగిసి సరుకు ఎప్పుడు వస్తే అప్పుడు పని మొదలవుతుంది, ఐసు నీళ్లలో తడిసిన వేళ్లు తిమ్మిరెక్కినా బల్ల మీద కుప్ప తగ్గదు. ఆమె మరుగుదొడ్డికి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ను అడగాలి, తొడుగులన్నీ విప్పాలి, తిరిగి వచ్చి సబ్బుతో చేతులు కడిగి, క్లోరిన్ నీళ్లలో ముంచి, అన్నీ మళ్లీ తొడుక్కోవాలి. సరుకు శుభ్రత కోసం ఈ నియమాలు తప్పనిసరి, వాటిని ఎవరూ కాదనరు. కానీ ఆ పావుగంట ఆమె కూలిలో నుంచి పోతున్నప్పుడు ఆమె చేసేది ఒక్కటే: నీళ్లు తాగడం మానేస్తుంది. నెలసరి రోజున అడగడానికి సిగ్గుపడి, అడిగితే వచ్చే మాటకు భయపడి, బట్ట మార్చుకోకుండా గంటల తరబడి నిలబడుతుంది. తన శరీరాన్ని తానే శత్రువుగా చూసుకుంటూ, ఎప్పుడు ఏం జరుగుతుందోనని గుబులుతో గడిపే ఈ స్థితి మానసిక ఆరోగ్యానికి సంబంధించిన విషయం కాదా? 5 గంటలు చాలక 6 గంటలు చేసినప్పుడు ఈ బల్ల దగ్గర నిలబడిన ఒక్క స్త్రీ అభిప్రాయమైనా తీసుకున్నారా?

దుకాణాలకూ, వాణిజ్య సంస్థలకూ ఇదే 10 గంటల కొలతను వర్తింపజేసే సవరణ కూడా 2025లోనే ముందుకు వచ్చింది. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నంలలోని ఏ పెద్ద వస్త్ర దుకాణానికి వెళ్లినా కౌంటర్ల వెనుక ఒకే రంగు చీరల్లో నిలబడిన యువతులు వరుసగా కనిపిస్తారు. ఒకప్పుడు చీరల కొట్లలో అమ్మేవారూ, కొనేవారూ ఒకే తెల్ల పరుపు మీద కూర్చునేవారు. ఆ పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపినవారు ఎక్కువగా పురుషులు. అమ్మే పని స్త్రీల చేతికి వచ్చిన చోట పరుపు పోయి కౌంటరు వచ్చింది, కూర్చోవడం పోయి నిలబడటం వచ్చింది. కొనుగోలుదారు లేని మధ్యాహ్నం వేళ కూడా వారు కూర్చోకూడదు, గోడకు ఆనుకోకూడదు, పక్కవారితో మాట్లాడకూడదు. పైన కెమెరా ఉంది.

నిలబడి పనిచేసేవారికి అవకాశం దొరికినప్పుడల్లా కూర్చోవడానికి ఏర్పాట్లు ఉండాలని కర్మాగారాల చట్టం 44వ సెక్షన్ 1948లోనే చెప్పింది. కోళికోడ్‌లో చిన్న దుకాణాల స్త్రీలు ఏళ్ల తరబడి సాగించిన ఆందోళన తరువాత కేరళ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే సదుపాయాన్ని తప్పనిసరి చేసింది, తమిళనాడు 2021లో అదే పని చేసింది. ఆ రెండు రాష్ట్రాలు కుర్చీ గురించి చట్టం రాసిన కాలంలో, అదే పనిచేసే తెలుగు స్త్రీకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుగా ఇవ్వాలనుకున్నది మరికొన్ని గంటల నిలువుకాళ్ల ఉద్యోగమా? కుర్చీ ఖరీదెంత? ఆ స్త్రీ కూర్చుంటే దుకాణం పరువు పోతుందన్న భావన ఎక్కడిది? పెద్దల ముందు, మగవారి ముందు ఆడది కూర్చోకూడదన్న ఇంటి కట్టుబాటును దుకాణం యాజమాన్యం క్రమశిక్షణ అనే పేరుతో అమలుచేస్తోంది. కుర్చీ వేయకపోవడానికి ఇంతకు మించిన కారణం కనిపించదు.

ఆ యువతులు అమ్మేది చీరలను మాత్రమే కాదు. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమాన సిబ్బంది పనిని పరిశీలించి 1983లో ప్రచురించిన గ్రంథంలో 'భావోద్వేగ శ్రమ' అన్న భావనను ప్రతిపాదించారు. లోపల ఏమున్నా ఉద్యోగం కోరిన భావాన్ని ముఖం మీద నిలపడానికి మనిషి చేసే ప్రయత్నమే ఆ శ్రమ. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా వెళ్లే కుటుంబం ముందు చిరునవ్వు తగ్గకూడదు, ధర అడిగే నెపంతో చేతిని తాకే కొనుగోలుదారు ముందు కూడా తగ్గకూడదు. ఓర్పు, చిరునవ్వు స్త్రీలకు పుట్టుకతోనే ఉంటాయని నమ్మే సంస్కృతి ఈ శ్రమను శ్రమగా గుర్తించదు కనుక దానికి వేతనమూ లేదు, విశ్రాంతీ లేదు. రోజంతా ముఖానికీ, మనసుకూ పొత్తు కుదరకుండా గడిపినవారిలో క్రమంగా ఏ భావమూ తమదిగా అనిపించని ఒక మొద్దుబారిన స్థితి ఏర్పడుతుందని హాక్‌షీల్డ్ హెచ్చరించారు. ఇంటికి వెళ్లాక కన్నబిడ్డతో మాట్లాడటానికి కూడా ఓపిక మిగలలేదని చెప్పే స్త్రీలు, తప్పు ఉద్యోగానిదని కాక తమదేనని అనుకుంటారు. ఈ స్వీయనింద అన్నింటికంటే లోతైన గాయం.

తెలుగు భాషకు ఉన్న ఒక లక్షణం ఇక్కడ మీ దృష్టికి తేవలసి ఉంది. తెలుగులో ఒక మనిషిని పనికి పురమాయించాలంటే క్రియాపదంలోనే గౌరవమో, అగౌరవమో పలకక తప్పదు. 'రండి' అనాలి లేదా 'రా' అనాలి, మధ్యేమార్గం దాదాపు లేదు. పాతికేళ్ల సూపర్‌వైజర్ తన తల్లి వయసున్న కార్మికురాలిని 'ఏమ్మా, ఇటు రా, చేతులు ఆడవా?' అంటాడు, అదే షెడ్డులో పనిచేసే మెకానిక్‌ను 'గారు' చేర్చి పిలుస్తాడు. కోపం వస్తే 'అమ్మా' పోయి 'ఏమే' వస్తుంది. ఆమె మాత్రం అతన్ని 'సార్' అనే అంటుంది. రోజుకు యాభైసార్లు వినిపించే ఈ తేడా ఏ ఫిర్యాదు పుస్తకంలోకీ ఎక్కదు, ఏ చట్టంలోనూ నేరంగా కనిపించదు, కానీ మనిషి తన విలువ గురించి తాను ఏమనుకోవాలో యాభైసార్లూ అదే బోధిస్తుంది. యాజమాన్యం 'ఇదంతా ఒకే కుటుంబం' అని చెప్పుకున్నప్పుడు, ఆ కుటుంబంలో ఆమెకు దక్కింది ఎదురు చెప్పకూడని కోడలి స్థానమే. వేతన స్లిప్పు తనిఖీ చేసే మీ శాఖకు ఈ భాషను కూడా వినే బాధ్యత లేదా?

ఈ ఒత్తిడి ఎలా పనిచేస్తుందో శాస్త్రానికి తెలియని విషయం కాదు. రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, పని భారం ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎప్పుడు ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారం తక్కువగా ఉన్న ఉద్యోగాలే మనసుపై అత్యధిక ఒత్తిడి కలిగిస్తాయి. టార్గెట్ ఉన్నా వేగాన్ని తానే నిర్ణయించుకునే అధికారి కంటే, ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు నీళ్లు తాగాలో కూడా తన చేతిలో లేని కార్మికురాలు ఎందుకు ఎక్కువగా నలిగిపోతుందో ఈ నమూనా వివరిస్తుంది. అయితే ఆమె దానిని కుంగుబాటు అనీ, ఆందోళన రుగ్మత అనీ చెప్పదు. నీరసం అంటుంది, గుండె దడ అంటుంది, తల పగిలిపోతోంది అంటుంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకు వెళ్లి సూది వేయించుకుని, సెలైన్ ఎక్కించుకుని, మర్నాడు బస్సు ఎక్కుతుంది. నెలలో రెండుసార్లు బస్సు తప్పితే రిజిస్టరులో పడేది 'గైర్హాజరు' అన్న ముద్ర, ఆ తరువాత 'ఆడవాళ్లతో ఇదే తంటా' అన్న వ్యాఖ్య. బాధకు కారణమైన చోటే ఆ బాధ ఆమె అసమర్థతగా నమోదవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పని ప్రదేశాల మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాలు వ్యక్తికి ఇచ్చే సలహాలతో ఆగకుండా పని పరిస్థితులనే మార్చాలని, పర్యవేక్షకులకు శిక్షణ ఇవ్వాలని సిఫారసు చేశాయి. మార్చి 8న రోజా పువ్వు, ఒక గంట యోగా తరగతి ఆ సిఫారసుకు సమాధానం కాలేవు.

కంటికి కనిపించే హానికైతే స్పందన వేరుగా ఉంటుంది. అచ్యుతాపురంలోని దుస్తుల ఫ్యాక్టరీలో 2022 జూన్‌లోనూ, మళ్లీ ఆగస్టులోనూ విషవాయువు పీల్చి వందల మంది మహిళా కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. వారు వాంతులతో, కళ్లు తిరిగి కుప్పకూలడం అందరికీ కనిపించింది కనుక అధికారులు పరుగున వచ్చారు, విచారణ జరిగింది, నమూనాలు ప్రయోగశాలకు వెళ్లాయి. రెండు నెలల తేడాలో రెండోసారి అదే ప్రాంగణంలోకి పనికి వెళ్లవలసి వచ్చిన స్త్రీ, ప్రతి కొత్త వాసనకూ ఉలిక్కిపడుతూ కుట్టుమిషను ముందు కూర్చున్న రోజులను ఏ ప్రయోగశాల పరీక్షించింది? గాలిలో విషాన్ని కొలిచే పరికరం మీ దగ్గర ఉంది, భయాన్ని అడిగి తెలుసుకునే ప్రశ్నాపత్రం ఉందా?

రాత్రి షిఫ్టుకు సమ్మతి, రవాణా, భద్రతా సిబ్బంది, సీసీ కెమెరాలు, వెలుతురు ఉండాలన్న షరతులు మంచివే. కానీ సమ్మతి తప్ప మిగతావన్నీ బయటి నుంచి వచ్చే అపరిచితుడి గురించి. లోపల ఉన్న, పేరు తెలిసిన, హాజరు వేసే మనిషి గురించి ఆ షరతులు ఏమీ చెప్పవు. సమ్మతి మాటే తీసుకుంటే, కాంట్రాక్టరు 'రేపటి నుంచి నైటు, ఇష్టమైతే రా, లేకపోతే మానెయ్' అన్నప్పుడు ఆమె పెట్టే సంతకానికి సమ్మతి అనే పేరు ఎలా వస్తుంది? కాదన్న స్త్రీకి పగటి షిఫ్టు తప్పక దొరుకుతుందని చూసే పూచీ ఎవరిది? ద్వారం దగ్గర రక్షణ కోసమని పెట్టిన కెమెరా లోపల ఎవరు ఎంతసేపు కూర్చున్నారో లెక్కపెట్టడానికి వాడితే, దాన్ని ఆపే అధికారం మీ శాఖలో ఎవరికి ఉంది?

పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. రాజస్థాన్‌కు చెందిన సామాజిక కార్యకర్త భన్వరీ దేవిపై 1992లో జరిగిన అత్యాచారం నుంచి పుట్టి, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన 'విశాఖ' తీర్పుగా మారి, మరో 16 ఏళ్లకు శాసనంగా వచ్చిన చట్టమది. 10 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ, అంతకంటే చిన్నచోట్ల పనిచేసేవారి కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలని అది ఆదేశించింది. స్త్రీ ఆరోగ్యానికో, భద్రతకో హాని కలిగించే అవమానకర ప్రవర్తనను కూడా వేధింపుల సందర్భంలో లెక్కలోకి తీసుకుంది. ఈ చట్టం అమలులో తీవ్రమైన లోపాలున్నాయని సుప్రీంకోర్టు 2023 మేలో ఆవేదన వ్యక్తం చేసింది. రాష్ట్రంలోని రొయ్యల షెడ్డులో, దుస్తుల ఫ్యాక్టరీలో, చీరల దుకాణంలో పనిచేసే స్త్రీకి ఆ కమిటీలో ఎవరెవరున్నారో పేర్లు తెలుసా? ఆ పేర్లు తెలుగులో, ఆమె కంటికి ఆనే చోట రాసి ఉన్నాయా, లేక ఆఫీసు గదిలో ఇంగ్లిషు నోటీసుగా ఉన్నాయా? ఫిర్యాదు చేసినవారు మూడు నెలల తరువాత అదే లైనులో పనిచేస్తున్నారో లేదో ఎప్పుడైనా చూశారా?

పని ప్రపంచంలో హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం మానసిక హానిని శారీరక హానితో సమానంగా నిర్వచనంలోనే చేర్చింది. దాన్ని ధ్రువీకరించడం కేంద్రం చేతిలో ఉందని తప్పుకోవచ్చు. తనిఖీ మాత్రం మీ చేతిలోనే ఉంది. స్వీయ ధ్రువీకరణ పద్ధతి, అంటే చట్టాలన్నీ పాటిస్తున్నానని యాజమాన్యమే ఫారం నింపి పంపే ఏర్పాటు, వ్యాపార సౌలభ్యం పేరుతో విస్తరించిన చోట, స్త్రీ తరఫున ఆ ఫారంలో రాసేది కూడా ఆమె యజమానే. అందుకే అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పథకం కాదు. 10 గంటల షిఫ్టు కోరే ప్రతి సంస్థకూ మహిళా అధికారి ముందుగా వెళ్లాలి. సూపర్‌వైజర్, కాంట్రాక్టరు లేనిచోట కార్మికురాళ్లతో తెలుగులో, ఒడిశా నుంచి వచ్చినవారుంటే ఒడియాలో, మాట్లాడాలి. కూర్చోవడానికి చోటు ఉందా, మరుగుదొడ్డికి వెళ్లినందుకు కూలి పోతుందా, నిద్ర ఎన్ని గంటలు, పేరు పెట్టి పిలుస్తారా 'ఏమే' అంటారా అని అడగాలి. వారి జవాబులు పేర్లు లేకుండా తనిఖీ నివేదికలో చేరాలి. దుకాణాల చట్టంలో పనిగంటల వాక్యం పక్కనే కుర్చీ వాక్యం, మరుగుదొడ్డి విరామానికి కూలి కోయకూడదన్న వాక్యం రావాలి. పర్యవేక్షకుడిగా నియమించే ప్రతి మనిషికీ మాట తీరుతో సహా శిక్షణ ఇచ్చినట్టు యాజమాన్యం ఆధారం చూపాలి. ఇవి నెరవేరే వరకు మహిళలు పనిచేసే విభాగాల్లో పదో గంటకు అనుమతి నిలిపివేయాలి.

అనుమతి పత్రాలపై సంతకం చేసే ముందు మీరు ఒక తెల్లవారుజామున అచ్యుతాపురం దారిలోనో, భీమవరం దారిలోనో కంపెనీ బస్సు ఆగే చోటికి రండి. అక్కడ నిలబడిన స్త్రీలను ఎన్నింటికి లేచారో అడగండి, క్యారేజీలో ఏముందో అడగండి, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. బస్సు రావడానికి ముందు దొరికే ఆ పది నిమిషాల్లో వాళ్లు జవాబు చెబుతారు.

ఇట్లు,
ఆ బస్సు కోసం ఎదురుచూసే స్త్రీల క్షేమం కోరే ఒక పౌరురాలు